జన్యువులు మారతాయా, వాటి వ్యక్తీకరణ మారుతుందా?

సందేహం: 'వయసు పెరిగేకొద్దీ మెదడులో జన్యువులు మారతాయి' అని మా అమ్మాయి కాలేజీ మ్యాగజైనుకు రాస్తే, లెక్చరర్ గారు 'జన్యు వ్యక్తికరణ మారుతుంది' అని దిద్దారు. ఏది సరి?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

సమాధానం: అర్థంలో లెక్చరర్ గారిదే కరెక్టు. అక్షరం మాత్రం తప్పింది. 'వ్యక్తికరణ' కాదమ్మా, 'వ్యక్తీకరణ'. ఈ దీర్ఘాన్ని ఈమధ్య పత్రికలూ టీవీలూ ఎడాపెడా మింగేస్తున్నాయి. టైపింగులో జారిందంటే సరే. చదివేవాళ్లకీ కనబడకపోతే ఎలా? మాట ప్రాణమంతా అందులోనే ఉంది.

'వి' ఉపసర్గతో 'అంజ్' ధాతువు చేరి 'వ్యక్తం' అయింది. తేటగా బయటపడినది అని అర్థం. కంటి అంజనమూ, హల్లులకు చెప్పే వ్యంజనమూ ఆ ధాతువు పిల్లలే. 'వ్యక్తం' పక్కన 'కరణం' చేరేటప్పుడు పాణిని చెప్పిన 'చ్వి' ప్రత్యయం వస్తుంది. చివరి అకారాన్ని ఈకారం చేసి తాను లోపించిపోతుంది. దాని అర్థం 'అభూత తద్భావం', అంటే అంతకుముందు అలా లేనిది అలా కావడం. 2021 నుంచి మన ఊరి గోడల మీదా ధర్నా బ్యానర్ల మీదా చూస్తున్న 'ప్రైవేటీకరణ'దీ ఇదే మూస. ఇంగ్లీషు మాటకు సంస్కృత ప్రత్యయమా అని సణిగే పండితులున్నారు. నాకు మాత్రం అది ముచ్చటేస్తుంది. ప్రైవేటు కానిదాన్ని ప్రైవేటు చేయడమనే సంగతంతా ఆ ఒక్క 'ఈ' చెప్పేస్తోంది.

ఇక జన్యువులు. ప్రొటీన్లను తయారుచేయించేవి మనిషిలో దాదాపు 20 వేలు. కడుపులో ఉన్నప్పటివే ముసలితనంలోనూ ఉంటాయి. ఏ వయసులో ఏది ఎంత పనిచేస్తుందన్నదే మారుతుంది. నిఘంటువు ఒకటే, వాడే మాటలు వేరు. 2011లో 'నేచర్' పత్రికలో వచ్చిన పరిశోధనల ప్రకారం మెదడులో ఈ మార్పు అన్నిటికన్నా వేగంగా జరిగేది తల్లి కడుపులో ఉన్నప్పుడు. పుట్టాక నెమ్మదిస్తుంది, యాభై దాటాక మళ్లీ ఊపందుకుంటుంది. అంతకుముందు 2004లో, 26 నుంచి 106 ఏళ్ల వయసులో చనిపోయినవారి మెదడు ముందుభాగాన్ని పరిశీలించారు. నలభై దాటాక జ్ఞాపకశక్తికి తోడ్పడే జన్యువులు కొన్ని మందగించాయి, డీఎన్ఏకు తగిలిన దెబ్బలను బాగుచేసేవి కొన్ని చురుకెక్కాయి. జన్యువే మారితే దానికి 'ఉత్పరివర్తనం' అని వేరే మాట ఉంది. అదీ వయసుతో కణాల్లో కొంత పేరుకుంటుంది గాని, మీ అమ్మాయి చెప్పదలచింది అది కాదనుకుంటాను.

'వ్యక్తీకరణ' మీద కూడా నాకొక పేచీ ఉంది. కరణమంటే చేయడం. అభిప్రాయాన్ని మనం వ్యక్తీకరిస్తాం. జన్యువును ఎవరు వ్యక్తీకరిస్తున్నట్టు? తనంత తాను బయటపడేదానికి 'వ్యక్తీభవనం' అంటే వ్యాకరణానికి ఇంకా దగ్గర. అయితే పాఠ్యపుస్తకాల్లో 'వ్యక్తీకరణ' పాతుకుపోయింది, దాన్ని తప్పనలేను. మ్యాగజైనుకైతే 'మెదడులో జన్యువుల చురుకు వయసుతో మారుతుంది' అని రాయమనండి, అందరికీ అర్థమవుతుంది. పరీక్షలో 'వ్యక్తీకరణ' రాయడమే క్షేమం. పేపరు దిద్దేవారు వెతికేది ఆ మాట కోసమే.