టీసీఎమ్‌లో నీళ్లు దూరాయంటున్నారు, వారంటీ పోయినట్టేనా?

ప్రశ్న: మాది విజయవాడ, సింగ్ నగర్. 2023 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ కారు కొన్నాను. బిల్లు రూ.15.8 లక్షలు. వారంటీ మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు. 2024 జూలైలో గేరు మారేటప్పుడు కుదుపు వస్తోందని ఇక్కడి సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి పంపారు. 2026 జనవరిలో కనకదుర్గ వారధి మీద బండి ఉన్నట్టుండి ఆగిపోయింది. అప్పటికి 52 వేల కిలోమీటర్లు తిరిగింది. గేర్‌బాక్స్‌ను నడిపే కంప్యూటర్ మాడ్యూల్ టీసీఎమ్ చెడిపోయిందని, వారంటీలో మారుస్తామని మొదట అన్నారు. వారం తిరక్కుండానే మాట మార్చారు. కనెక్టర్‌లో తేమ కనిపించిందట, 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిన బండి అయ్యుంటుందట. పైగా బయట రివర్స్ కెమెరా పెట్టించాను కాబట్టి వారంటీ వర్తించదట. రూ.1.46 లక్షల ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. నిజానికి 2024 ఆగస్టు 30నే మేం కారులో గుంటూరు మా చెల్లెలి ఇంటికి వెళ్లాం, వారం తర్వాత వచ్చాం. కొత్త కారు ఇమ్మని కేసు వేయవచ్చా? లేక తెలిసిన మెకానిక్ రూ.45 వేలకు సెకండ్ హ్యాండ్ టీసీఎమ్ వేస్తానంటున్నాడు, వేయించేయనా?
— ఒక పాఠకుడు

జవాబు: ముందు మెకానిక్ సంగతి. వద్దు. ఇప్పుడు మీ దగ్గరున్న అతి పెద్ద సాక్ష్యం ఆ చెడిపోయిన టీసీఎమ్మే. దాన్ని విప్పేసి ఇంకోటి బిగించాక, లోపం తయారీలో ఉందో, నీళ్లలో ఉందో, మెకానిక్ చేతిలో ఉందో ఎవరూ తేల్చలేరు. పైగా ఇది బల్బు మార్చినట్టు కాదు. చాలా మోడళ్లలో కొత్త మాడ్యూల్‌ను ఆ కారు ఛాసిస్ నంబరుకు కోడింగ్ చేయాలి, తర్వాత క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో దానికి మళ్లీ నేర్పించాలి. వేరే బండి నుంచి తీసింది బిగిస్తే అది ఆ పాత బండే అనుకుంటుంది.

ఇక అసలు వివాదం. వారంటీ అనేది కంపెనీ మీకిచ్చిన రాతపూర్వక మాట. గడువు లోపల పార్టు చెడిందని చూపించడం వరకు మీ పని. బండి సర్వీస్ సెంటర్‌లోనే ఆగి ఉంది, టీసీఎమ్ పోయిందని వాళ్లే చెప్పారు, కాబట్టి ఆ పని అయిపోయింది. ‘నీళ్లు దూరాయి, కనుక ఇవ్వం’ అనేది మినహాయింపు. మినహాయింపు ఉందన్నవాళ్లే దాన్ని రుజువు చేయాలి. ఒక సంగతి జరిగిందన్న వారి మీదే నిరూపణ భారం ఉంటుందన్నది పాత సాక్ష్య చట్టంలో 101వ సెక్షన్, కొత్త భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 104వ సెక్షన్. ‘అయ్యుంటుంది’ అన్న మాటతో ఆ భారం దిగదు.

అందుకని ఇవాళే సర్వీస్ మేనేజర్‌కు ఈమెయిల్ పెట్టండి. ఏ కారణంతో, వారంటీ పుస్తకంలో ఏ షరతు కింద నిరాకరిస్తున్నారో రాతపూర్వకంగా ఇమ్మనండి. స్కాన్ రిపోర్టు ప్రింటు, కనెక్టర్ ఫొటోలు అడగండి. స్కాన్‌లో పీ 0700, యూ 0101 లాంటి కోడ్‌లు కనిపిస్తాయి. మొదటిది గేర్‌బాక్స్ కంట్రోల్‌లో లోపం ఉందని, రెండోది టీసీఎమ్‌తో సంబంధం తెగిందని మాత్రమే చెబుతాయి. నీళ్లు వచ్చాయని ఏ కోడూ చెప్పదు. నిజంగా వరదలో మునిగిన బండి అయితే గుర్తులు ఒక్క కనెక్టర్ దగ్గరే ఎందుకుంటాయి? సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగితే అడుగున బురద చార కనిపిస్తుంది. కార్పెట్ కింద, స్టెప్నీ గుంటలో ఒండ్రు ఉంటుంది. మీ సమక్షంలో ఇవన్నీ తీసి వీడియో తీయించండి. ఏమీ లేకపోతే లేదనే జాబ్‌కార్డులో రాయించండి.

ఒక మాట చెప్పాలి. ఇలాంటి కేసులు కోర్టులో గెలిచేవి తక్కువ, జాబ్‌కార్డు దగ్గరే గెలిచేవి ఎక్కువ. సర్వీసుకు ఇచ్చేటప్పుడు అడ్వైజరు ‘జనరల్ చెకప్’ అని రాసేస్తాడు, మనం సంతకం పెట్టేస్తాం. కుదుపు గురించి చెప్పిన మాట గాలిలో కలిసిపోతుంది. మీ 2024 జూలై జాబ్‌కార్డు వెతికి తీయండి. అందులో గేరు కుదుపు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అన్న మాటలుంటే మీ కేసుకు అదే వెన్నెముక. ఎందుకంటే బుడమేరు పొంగింది సెప్టెంబరు 1న. వరద రాకముందే మొదలైన జబ్బుకు వరద ఎలా కారణమవుతుంది? ఆ తర్వాత చేయించిన సర్వీసుల జాబ్‌కార్డుల్లోనూ ఎక్కడా నీటి మాట లేకపోతే ఇక వాళ్లకు నిలబడే చోటు ఉండదు.

కెమెరా సాకు ఇంకా బలహీనం. షంషేర్ కటారియా అనే వ్యక్తి ఫిర్యాదు మీద 2014 ఆగస్టు 25న, వ్యాపారంలో పోటీ సరిగా సాగేలా చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు దాదాపు రూ.2,545 కోట్ల జరిమానా వేసింది. బయటి మెకానిక్ దగ్గరికి వెళ్లినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అనే షరతు పెట్టకూడదని అందులోనే చెప్పింది. జరిమానా మీద కంపెనీలు పైకి వెళ్లాయి, అది వేరే కథ. మీ కేసులో అడగాల్సింది ఒకటే: వెనకున్న కెమెరా వైరింగ్‌కూ గేర్‌బాక్స్ మాడ్యూల్‌కూ సంబంధం ఏమిటో చూపించండి. కెమెరా కోసం గేర్‌బాక్స్ మాడ్యూల్ వైరింగ్‌నే కోసి ఉంటే మాత్రం నాకు ముందే చెప్పండి, అప్పుడు లెక్క మారుతుంది.

కొత్త కారు ఆశ తగ్గించుకోండి. మారుతీ ఉద్యోగ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది క్లచ్ లోపమే. చెడిన భాగం మార్చడమే వారంటీ బాధ్యత, దానికి బండి మొత్తం మార్చమనడం సరికాదని చెప్పింది. తర్వాత ఫియట్ ఇండియా కేసులో, స్వతంత్ర నిపుణుడు తయారీలోనే లోపముందని తేలిస్తే డబ్బు వాపసు ఇవ్వాలంది. అంటే టీసీఎమ్ మార్చాక కూడా అదే జబ్బు తిరగబెడితే, నిపుణుడి రిపోర్టుతో అప్పుడు వాపసు అడగవచ్చు. ఇప్పుడు అడగాల్సినవి: ఉచితంగా కొత్త టీసీఎమ్, దాని మీద మళ్లీ వారంటీ, బండి లేక తిరిగిన క్యాబ్‌ల ఖర్చు, మానసిక వేదనకు కొంత పరిహారం, కేసు ఖర్చులు. కోరికల జాబితా పెంచిన కొద్దీ అసలైన కోరిక పలచబడుతుంది.

‘మీరు నడిపే తీరు వల్లే’ అన్న వాదన కూడా రేపు రావచ్చు. ఆస్ట్రేలియాలో ఫోర్డ్ పవర్‌షిఫ్ట్ గేర్‌బాక్స్‌ల విషయంలో అదే జరిగింది. లోపం సంగతి తెలిసి కూడా కుదుపులకు డ్రైవింగే కారణమని కస్టమర్లకు చెప్పినందుకు అక్కడి ఫెడరల్ కోర్టు 2018లో కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. అమెరికాలో అదే కంపెనీ అవే గేర్‌బాక్స్‌ల టీసీఎమ్‌కు వారంటీని పదేళ్లు లేదా లక్షన్నర మైళ్లకు పెంచింది. పరాయి దేశపు తీర్పులు మన వినియోగదారుల కమిషన్లను కట్టిపడేయవు. కానీ టీసీఎమ్ తనంతట తనే చెడిపోవడం ప్రపంచంలో ఎక్కడా లేని వింత కాదని చెప్పడానికి పనికొస్తాయి.

మీ వారంటీ ఈ ఏప్రిల్‌లో ముగుస్తుంది. ఆలోగా రాతపూర్వక ఫిర్యాదు కంపెనీకి, అమ్మిన డీలర్‌కు, సర్వీస్ సెంటర్‌కు, ముగ్గురికీ అందాలి. ఈమెయిల్‌తో పాటు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లోనూ నమోదు చేయండి, ఒక్కోసారి అక్కడే దిగొస్తారు. పదిహేను రోజులు చూసి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. కారు హైదరాబాద్‌లో కొన్నా ఫర్వాలేదు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరున్న విజయవాడలోనే వేయవచ్చు. ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి, ఒకర్ని వదిలితే మిగతా ఇద్దరూ తప్పును వాళ్ల మీదికి నెడతారు. ఫీజు లెక్క కట్టేది మీరడిగే లక్షన్నర మీద కాదు, మీరు చెల్లించిన కారు ధర మీద. పది నుంచి ఇరవై లక్షల మధ్య అయితే రూ.400. గడువు రెండేళ్లు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. నోటీసు అందాక వాళ్లు 30 రోజుల్లో జవాబివ్వాలి, మహా అయితే ఇంకో 15 రోజులు. 45 దాటితే పెంచే అధికారం కమిషన్‌కు కూడా లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఫిర్యాదుతో పాటే పార్టును పరీక్షకు పంపమని అదే చట్టం 38వ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టండి.

రోజూ కారు కావాలి, అన్నాళ్లు ఆగలేనంటారా? అయితే డబ్బు కట్టి మార్పించుకోండి. కానీ ‘నా హక్కులకు భంగం లేకుండా, అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని ముందుగా ఈమెయిల్ పెట్టి, బిల్లు మీద కూడా రాసి కట్టండి. చేసిన పనికి డబ్బు కట్టేదాకా బండి ఆపుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ కింద వాళ్లకుంది, గొడవపడి లాభం లేదు. డబ్బు మీరు కడుతున్నారు కాబట్టి పాత టీసీఎమ్ మీకే ఇమ్మనండి. దాని మీది నంబరు ఫొటో తీసి, కవర్‌లో పెట్టి, ఇద్దరి సంతకాలతో సీలు వేయించండి.

ఎవరో ఒకరు ‘వరద అని ఇన్సూరెన్స్‌లో పెట్టేయండి, వచ్చేస్తుంది’ అంటారు. వినకండి. అబద్ధం అన్నది ఒకటి. కంపెనీతో నీళ్లు రాలేదని, బీమా వాళ్లతో వచ్చాయని రాసిన రెండు కాగితాలు కమిషన్ ముందు పక్కపక్కన పడితే రెండు చోట్లా పోతారు.

చివరగా, గుంటూరు వెళ్లినట్టు మీ దగ్గర రుజువుంది, మీరు గమనించలేదు. కాజ టోల్‌గేటు మీదుగానే వెళ్లి ఉంటే, ఆగస్టు 30న వెళ్లినప్పుడూ వారం తర్వాత వచ్చినప్పుడూ మీ ఫాస్టాగ్‌లో డబ్బు కట్ అయి ఉంటుంది. ఆ రెండు తేదీల స్టేట్‌మెంటు ఫాస్టాగ్ ఇచ్చిన బ్యాంకు నుంచి ఈ వారమే తీసుకోండి. ఫోన్‌లో స్క్రీన్‌షాట్ సరిపోదు, బ్యాంకు ముద్రతో అడగండి.