కాపరికి ఆడరూపం కావాలా?

సందేహం: మా చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరు గారు స్త్రీ. లూథరన్ వేదాంతంలో డాక్టరేట్ చేశారు. స్వాగతం ఫ్లెక్సీలో ‘సంఘ కాపరిణి’ అని వేయించారు. పెద్దలేమో ‘పాస్టరమ్మ’ చాలంటున్నారు. ఏది సరి?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: అమ్మా, ముందు ఆ ‘ణి’ చెరిపించండి. తపస్వి తపస్విని కావడం, విద్యార్థి విద్యార్థిని కావడం సంస్కృతం ఇంటి ఆచారం. కాపరి మన తెలుగింటి మాట. కాచు నుంచి కాపు పుట్టింది, దానికి ‘అరి’ చేరి కాపరి అయింది. నేర్పు ఉంటే నేర్పరి అయినట్టే. ఈ వరస మాటలకు ఆడామగా తేడా లేదు. ఆవిడ నేర్పరి అంటాం, గడసరి అంటాం. ‘గడసరిణి’ ఇంతవరకు నా కంటపడలేదు గానీ, ఫ్లెక్సీల జోరు చూస్తే ఆ ముచ్చటా తీరేలాగే ఉంది. తోక తగిలిస్తే గౌరవం పెరుగుతుందని ఎవరు చెప్పారో!

బైబిల్లో రాహేలు తండ్రి గొర్రెలను మేపింది. ‘యెహోవా నా కాపరి’ అన్నచోట హీబ్రూలో ఏ ధాతువు ఉందో, రాహేలు పనికీ అదే ధాతువు.

కాపరి సంగతి అలా ఉంచి, అసలు ప్రకటించేవాళ్ల సంగతి చెప్పాలి. 68వ కీర్తన 11వ వచనం తీయండి. ‘ప్రభువు మాట సెలవిచ్చుచున్నాడు దానిని ప్రకటించు స్త్రీలు గొప్ప సైన్యముగా ఉన్నారు.’ హీబ్రూ మూలంలో అక్కడున్నది ‘మెబస్సెరోత్’. శుభవార్త చాటేవాళ్లు అని అర్థం, అదీ స్పష్టంగా స్త్రీలింగ బహువచనం. 1611 నాటి కింగ్ జేమ్స్ ఇంగ్లీషు అనువాదంలో ఆ స్త్రీలు మాయమై ఉత్త ‘చాటినవారు’ మిగిలారు. మన తెలుగు అనువాదకులు మాత్రం ఆడవాళ్లను ఆడవాళ్లుగానే నిలబెట్టారు. ఆ ఒక్క మాటకు వాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది నాకు. ఇంత చక్కటి వాక్యం చేతిలో ఉంచుకుని కూడా ‘బైబిలు స్త్రీలు’ అని పేరుపెట్టి సువార్త చెప్పడానికి ఇంటింటికీ పంపిన వాళ్లను పుల్పిట్ (చర్చిలో ప్రసంగ వేదిక) ఎక్కించడానికి మన పెద్దలకు చాలాకాలం పట్టింది. గుంటూరు కేంద్రంగా 1927లో ఏర్పడిన ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం స్త్రీలకు గురుపట్టాభిషేకం, అంటే పాస్టరుగా అధికారిక నియామకం, ఇచ్చింది 1999లో. పాండిత్యం లేక కాదు సుమా! లూథరన్ శాఖకు మూలపురుషుడైన మార్టిన్ లూథర్ కాలంలోనే, 1523లో, ఆర్గులా ఫాన్ గ్రుంబాఖ్ అనే ఆవిడ జర్మనీలోని ఇంగోల్‌ష్టట్ విశ్వవిద్యాలయ పండితులను వాదానికి రమ్మని ఉత్తరం రాసింది. తనకు లాటిన్ రాదు కనుక జర్మన్‌లోనే మాట్లాడదామంది. దేశభాష మీద ఆ ధీమా మన ఫ్లెక్సీ రాసినవాళ్లకు కొంచెం ఉన్నా బాగుండేది.

ఆడరూపం ఉన్న మాటే కావాలంటే ప్రసంగీకురాలు, బోధకురాలు నిక్షేపంగా వాడుకోవచ్చు.

ఇక పాస్టరమ్మ. టీచరమ్మ, డాక్టరమ్మ, పంతులమ్మ అంటే ఆ పని చేసే ఆవిడే. పాస్టరమ్మ దగ్గరే చిక్కు. మన సంఘాల్లో పాస్టరు గారి భార్యను అలా పిలవడం అలవాటు. తప్పని గట్టిగా అనలేను. వాడుక రేపు ఎటు తిరుగుతుందో ఎవరు చూశారు? అచ్చులో ‘సంఘ కాపరి’ అని వేయించి, ఎదురుపడితే ‘పాస్టరు గారూ’ అనండి. ‘గారు’ ఉండగా మనకు లింగభేదం గొడవెందుకు? ఆవిడ భర్తను ఏమని పిలవాలన్నది మాత్రం మీ సంఘం కమిటీకే వదిలేస్తున్నాను.