ఎలుకలకు తిరిగి వచ్చిన జ్ఞాపకశక్తి మనుషులకూ వస్తుందా?

హనుమకొండలో ఉండే మీ నాయనమ్మ గారికి డిమెన్షియా ఉందని, చిట్టెలుకల్లో మతిమరుపును పోగొట్టిన మందు ఆమెకు ఎప్పుడు దొరుకుతుందని అడిగారు. ఇప్పట్లో దొరకదనే చెప్పాలి. అందుకు కారణం ఎలుకలపై అలాంటి మందులను పరీక్షించే తీరులోనే ఉంది.

డిమెన్షియాకు ముఖ్య కారణమైన అల్జీమర్స్ వ్యాధి ఎలుకలకు సహజంగా రాదు కాబట్టి, కొన్ని కుటుంబాల్లో ఆ వ్యాధిని తరతరాలుగా తెచ్చే మనిషి జన్యువును వాటిలో చొప్పించి, మెదడులో అమిలాయిడ్ అనే ప్రొటీన్ గారలా పేరుకునేలా చేస్తారు. తర్వాత నాడీశాస్త్రవేత్త రిచర్డ్ మోరిస్ 1981లో ప్రకటించిన పద్ధతిలో, తెల్లరంగు కలిపిన నీటితొట్టిలో ఎలుకను వదులుతారు. నీటి మట్టానికి కాస్త కింద, పైకి కనపడకుండా ఒక చిన్న దిమ్మె ఉంటుంది. చుట్టూ ఉన్న గుర్తులను బట్టి రోజురోజుకూ దాన్ని త్వరగా చేరుకుంటే నేర్చుకున్నట్టు, దిమ్మె తీసేశాక కూడా ఆ చోటనే ఎక్కువసేపు ఈదితే గుర్తున్నట్టు లెక్క. ఏ ఎలుకకు మందు ఇచ్చారో, దేనికి మందు లేని ఉత్త ద్రావణం ఇచ్చారో కొలిచేవారికి తెలియకూడదు. (వార్తల్లో ఈ సంగతి అరుదుగా రాస్తారు గాని, ముందు చూడవలసింది ఇదే.)

అయితే ఈ ఎలుకల్లో చాలా రకాలకు మనుషుల్లో మాదిరి నాడీకణాలు పెద్ద ఎత్తున నశించవు కనుక, వాటిలో కనిపించిన మెరుగు మనలో కనిపిస్తుందన్న భరోసా లేదు. అమెరికాలో 2023లో అనుమతి పొందిన లెకానెమాబ్ అనే అల్జీమర్స్ మందు సైతం తొలిదశలో క్షీణతను కొంత నెమ్మదింపజేసేదే గాని వెనక్కి తిప్పేది కాదు. ఈలోగా వరంగల్‌లోనే నరాల వైద్యునికి చూపించి, బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించారో లేదో చూసుకోండి. ఆ లోపాల వల్ల వచ్చిన మతిమరుపు చికిత్సతో తగ్గే అవకాశం ఉంది.