మంచం పక్కన ఉండే మనిషి కోసం యాప్: మా అమ్మ దగ్గర నేర్చుకున్నవి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఇంట్లో జబ్బు మనిషిని ఏళ్ల తరబడి చూసుకునేవాళ్లకు మనసు తేలికపడేలా ఒక మొబైల్ యాప్ చేస్తున్నారు. పెద్దవాళ్లు, చదువు రానివాళ్లు, చూపు తగ్గినవాళ్లు కూడా వాడగలగాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

నేను హైదరాబాద్‌లో ఆరేళ్లు యాప్ టెస్టింగ్ చేశాను. 2019 చలికాలంలో మా నాయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, మాట ఒకేసారి పడిపోయాయి. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు చిన్న ఊరు. ఇంటి నుంచే పని చేస్తానని చెప్పి ఊరికి వచ్చేశాను గాని, నాలుగేళ్లు నిజంగా చూసుకున్నది మా అమ్మే. ఆమె కోసం నేను, నా స్నేహితుడు కలిసి ఒక యాప్ చేశాం. అందులో మేం చేసిన తప్పులే మీకు ఎక్కువ పనికొస్తాయి.

మొదటి తప్పు పేరు. స్క్రీన్ మీద ‘సంరక్షకుల మానసిక ఆరోగ్యం’ అని పెట్టాం. అమ్మ నాతో చదివించుకుని, "ఇది ఆస్పత్రోళ్లది గదా, నాకెందుకురా" అంది. మొగుణ్ణి చూసుకునే ఆడమనిషి తనను సంరక్షకురాలు అనుకోదు. ఆమె లెక్కలో అది ఇంటి పని. పేరు ‘నాయన మందులు’ అని మార్చాక తెరవడం మొదలుపెట్టింది. మనసు సంగతి ఏదున్నా ఆ మందుల తలుపులోంచే లోపలికి రావాలి.

రెండోది ముఖాల బొమ్మలు. రోజూ రాత్రి నవ్వే ముఖం, ఏడ్చే ముఖం, మధ్యలో ఇంకో మూడు చూపించి ‘ఈ రోజు ఎలా ఉంది’ అని అడిగేది. నలభై రోజులు అమ్మ నవ్వే బొమ్మనే నొక్కింది. గ్రాఫ్ చూసి నేను సంబరపడ్డాను కూడా. తర్వాత అడిగితే, "అది నొక్కితే మంచిగ కనవడ్తది. ఏడుపుది నొక్కితే నువ్వు చూస్తవు గదా" అంది. కొడుకు చూస్తాడని తెలిసినప్పుడు ఏ తల్లీ నిజం నొక్కదు.

జరిట్ ప్రశ్నావళి గురించి మీరు వినే ఉంటారు. చూసుకునేవాళ్ల మీద పడే భారాన్ని కొలవడానికి 22 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు. డాక్టర్ల చేతిలో అది మంచి పనిముట్టే. నేను దాన్ని ఉన్నదున్నట్టు తెలుగు చేసి యాప్‌లో పెట్టాను. అందులో రోగిని ‘మీ బంధువు’ అంటారు. "బంధువెవర్రా, మీ నాయననా?" అని నవ్వింది అమ్మ. నాలుగో ప్రశ్న దాటలేదు.

అప్పుడు తెలిసింది, చిక్కంతా మాటల్లోనే ఉందని. ఒత్తిడి, కుంగుబాటు, భావోద్వేగం అని పేపర్లో రాస్తారు. మా దగ్గర నోట్లో ఆడే మాటలు వేరు. రేపెట్లా అని లోపల తొలిచేది రంది. చేసి చేసి విసిగిపోయి ఇక చాతకాదు అనిపించేది యాష్ట. అర్ధరాత్రి నాయన గురక మారితే గుండెల్లో పడేది బుగులు. ఎవరికీ చెప్పుకోక, తిండి సయించక, మనిషి ఎండిపోయేది మనాది. రందికి సమాచారం కావాలి. యాష్టకు రెండు గంటల విరామం కావాలి. బుగులుకు వెంటనే ఒక మనిషి గొంతు వినబడాలి. మనాదికి మాత్రం యాప్ సరిపోదు, డాక్టర్ దాకా పోవాల్సిందే. మీరు ఏ జిల్లా వాళ్ల కోసం చేస్తున్నారో అక్కడ ఇట్లాంటి మాటలు ఏరుకోండి. గుంటూరులో వేరే ఉంటాయి.

అన్నిటికన్నా పెద్ద తప్పు ఇప్పుడు చెప్తాను. అమ్మకు అక్షరాలు కూడబలుక్కుని చదవడమే వచ్చు. అందుకని యాప్‌కు మాట నేర్పాం. ఒక సాయంత్రం అమ్మ నాయనకు జావ తాగిస్తోంది. స్పూను నోటి దగ్గర ఉంది. గూట్లో పెట్టిన ఫోన్ ఉన్నట్టుండి, గట్టిగా, స్పష్టమైన తెలుగులో, ‘ఈ రోజు చూసుకోవడం భారంగా అనిపించిందా?’ అని అడిగింది. నాయనకు మాట పోయింది గాని వినికిడి పోలేదు, తెలివీ పోలేదు. మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆ రాత్రి ఏం తినలేదు. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఫోన్ తీసి బియ్యం డబ్బాలో పెట్టి మూత పెట్టింది.

చదవలేనివాళ్లకు గొంతు కావాలి, నిజమే. అయితే ఆ గొంతు ఎవరి చెవిలో పడుతుందో కూడా చూడాలి. మనసు గురించిన మాట ఏదైనా ఫోన్ చెవికి ఆనించుకుంటేనే వినబడేలా మార్చాం. వాట్సాప్ వాయిస్ మెసేజ్ చెవి దగ్గర పెట్టుకుంటే చిన్నగా వినిపిస్తుంది చూడండి, అట్లా. నోటిఫికేషన్‌లో ‘మందుల టైమ్ అయింది’ తప్ప ఇంకేదీ కనిపించదు, ఎందుకంటే ఆ ఫోన్‌ను మా అక్క పిల్లలు కూడా ఆటలకు తీసుకుంటారు. తర్వాత అమ్మే అడిగి పెట్టించుకున్నది ఒకటుంది. పెద్ద ఎర్ర గుండ్రం నొక్కి మాట్లాడితే రికార్డ్ అవుతుంది, తెల్లారేసరికి దానంతటదే చెరిగిపోతుంది. ఎవరికీ పోదు, ఇంటర్నెట్‌లోకి అసలే పోదు. రోజూ చీకటి పడ్డాక బర్రెల కొట్టం దగ్గరికి పోయి ఏదో చెప్పుకునేది. ఏం చెప్పుకుందో నాకు తెలియదు.

ఇక చేతులు, కళ్ల సంగతి. మా వైపు ఫ్లోరైడ్ గురించి తెలియనివాళ్లుండరు. లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమంటారు. అమ్మ పుట్టినప్పటి నుంచి ఆ బోరు నీళ్లే తాగింది. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్లొస్తున్నాయి గాని ఎముకల్లో చేరింది వెనక్కి పోదు. మెడ వంగదు, వేళ్లు పూర్తిగా చాపుకోవు. అంటే చూసుకునే మనిషి కూడా ఒంట్లో బాగలేని మనిషే. మీ డిజైన్ బొమ్మల్లో ఉండే చలాకీ అమ్మాయి కాదు. పక్కకు జరపడం, నొక్కి పట్టుకోవడం, రెండు వేళ్లతో లాగడం, ఇవేవీ ఆమెకు రావు. ఏ పనైనా ఒక్కసారి తాకితే అయిపోవాలి. బటన్ కనీసం ఇంత పెద్దగా ఉండాలని ఆండ్రాయిడ్ 48 డీపీ, ఐఫోన్ 44 పాయింట్లు అని స్క్రీన్ కొలతల్లో చెప్తాయి. మేం ఒక స్క్రీన్‌కు రెండే బటన్లు పెట్టాం, సగానికి ఒకటి. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి నాయనను పక్కకు తిప్పాలి. ఒక చేత్తో ఆయన భుజం పట్టుకుని, నూనె అంటిన రెండో చేతి బొటనవేలి కణుపుతో నొక్కేది.

అక్షరం రంగుకూ వెనక రంగుకూ వెలుగులో తేడా 4.5కి 1 తగ్గకూడదన్న నియమం మీకు తెలిసే ఉంటుంది, దాన్ని ఎండలో, వాకిట్లో నిలబడి చూడండి. తెలుగు అక్షరాల దగ్గర మాత్రం చాలామంది బోల్తా పడతారు. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు. ఇంగ్లిష్ కొలతతో వరస ఎత్తు బిగిస్తే, ఫోన్‌లో అక్షరం పెద్దది చేయగానే ఒత్తులు తెగిపోతాయి. మా ‘పక్క మార్చాను’ బటన్ ‘పక మారాను’ అయింది. ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాన్ని 200 శాతం దాకా పెంచుకోవచ్చు, అక్కడ పెట్టి ప్రతి స్క్రీనూ చూడండి. చూపు లేనివాళ్లకు స్క్రీన్‌ను పైకి చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టి, కళ్లు మూసుకుని కూడా వాడండి. పేరు పెట్టని బొమ్మ బటన్ దేనికో అది చెప్పలేదు. ఓటీపీ లాగిన్ వద్దే వద్దు. సగం ఇళ్లలో ఆ నంబర్ కొడుకు జేబులో ఉంటుంది.

యాష్టకు మేం పెట్టింది ‘రెండు గంటలు’ అన్న బటన్. నొక్కితే చిన్నమ్మకు, ఇద్దరు పక్కింటివాళ్లకు, నాకు మెసేజ్ పోతుంది: ఎవరైనా వచ్చి కూర్చుంటారా అని. ఎవరు ఒప్పుకున్నారో అమ్మకు ఫొటోతో కనిపిస్తుంది. తానే ఫోన్ చేసి అడగాలంటే నామోషీ, యాప్ అడిగితే ఏమీ కాదట. యాప్ మొత్తంలో బాగా పనిచేసింది ఇదొక్కటే అనుకుంటాను. ఊపిరి పీల్చి వదిలే వ్యాయామాలు కూడా పెట్టాం, ఎవరూ తెరవలేదు. భివండిలో మగ్గాల దగ్గర పనిచేసే మా అన్న రెండు గంటలు వచ్చి కూర్చోలేడు. ఆయనకు ఆ నెల డైపర్లు, గోలీల ఖర్చు ఎంతైందో కనిపించేలా చేశాం. అప్పటి నుంచి అమ్మ నోరు తెరిచి అడగకుండానే పైసలు వచ్చేవి.

రంది సగం పైసలదే. వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం క్యాంపు ఎప్పుడు, ఏ కాగితాలు తీసుకుపోవాలి, 40 శాతం వైకల్యం ఉందని సర్టిఫికెట్ వస్తే పింఛను ఎట్లా. దివ్యాంగుల ఆసరా పింఛను 2023లో 3,016 నుంచి 4,016 రూపాయలకు పెరిగిన నెల అమ్మ ముఖం తేటగా ఉంది. ఏ సూక్తి చదివినప్పుడూ అట్లా చూడలేదు. బుగులు పట్టినప్పటికి, మనసు బాధ చెప్పుకునే ప్రభుత్వ ఫోన్ సాయం టెలిమానస్ నంబర్ 14416 మొదటి స్క్రీన్ మీదే పెట్టండి. 2022 అక్టోబర్‌లో మొదలైంది, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. నెట్ లేకున్నా తాకగానే కాల్ పోవాలి. అమ్మ ఒక్కసారే చేసింది.

ఇంకొకటి, మీరు ఇప్పుడు ఆలోచించి ఉండరు. నాయన 2024 జనవరిలో పోయాడు. మూడో రోజు రాత్రి చుట్టాలంతా వాకిట్లో కూర్చుని ఉంటే ఎనిమిదింటికి ఫోన్ మోగింది, ‘నాయన బీపీ గోలీ’ అని. అలారాలు ఆపడానికి ఒక్కో మందును విడిగా తీసేయాలి. తీసేసేముందు ‘నిజంగానే తీసేయాలా?’ అని అడుగుతుంది. ఆరు మందులు, ఆరుసార్లు. ఆ స్క్రీన్ చేసింది నేనే. మీరు మొదటి వెర్షన్‌లోనే ఒక్క తాకుడుతో అలారాలన్నీ ఆగే దారి పెట్టండి. మిగతాది మాత్రం అట్లాగే ఉంచండి. అమ్మ ఇప్పటికీ అప్పుడప్పుడు ‘రెండు గంటలు’ నొక్కుతుంది, చిన్నమ్మ వచ్చి కూర్చుంటుంది.