కార్డు మీదకి టర్నిప్ జాక్‌ని తీసుకోండి

పాప పార్టీకి పంపే హాలోవీన్ కార్డు మీద రక్తపిశాచి, చీపురు మంత్రగత్తె వద్దు, వెనక కథ ఉన్న భూతం కావాలి, పిల్లలు జడుసుకోకూడదు అన్నారు కదండీ. నా ఓటు జాక్‌కే. హాలోవీన్‌కి గుమ్మడికాయ తొలిచి మొహం చెక్కే లాంతరు ఉంటుందే, ఆ గుమ్మడికాయ జాక్‌కి కాదు, అతని పాత ఐరిష్ రూపానికి.

జాక్ పిసినారి, జిత్తులమారి. సైతానుని చెట్టెక్కించి, మాను మీద సిలువ గుర్తు చెక్కి దిగనివ్వలేదు. తన ఆత్మ జోలికి రానని మాట తీసుకున్నాకే వదిలాడు. చచ్చాక స్వర్గం తలుపు తెరుచుకోలేదు. ఇచ్చిన మాట ప్రకారం సైతానూ నరకంలోకి రానివ్వలేదు, ఓ నిప్పుకణిక మాత్రం విసిరాడు. దాన్ని తొలిచిన టర్నిప్ దుంపలో పెట్టుకుని జాక్ చీకట్లో తిరుగుతూనే ఉన్నాడట. అచ్చం మన కొరివిదెయ్యమే! ఊళ్లో ఉన్న అమ్మమ్మకి వాట్సాప్‌లో కార్డు పంపేటప్పుడు ఈ ఒక్క మాట చెప్తే చాలు.

ఐర్లండ్‌లో లాంతర్లు దుంపలతోనే చెక్కేవారు. ఐరిష్ వాళ్లు అమెరికాకు వలస వెళ్లాకే గుమ్మడికాయ వచ్చింది. ఐర్లండ్ నేషనల్ మ్యూజియంలో డొనెగల్ నుంచి వచ్చిన ఒక టర్నిప్ లాంతరుకి తీసిన ప్లాస్టర్ అచ్చు ఉంది, ఫొటో వెతికి చూడండి. ముడతల మొహం, కొద్దిగా పళ్లు. ఏ గుమ్మడికాయకీ అంత కళ రాదు.

నల్ల అట్ట మీద ఆ మొహం గీసి, కళ్లూ నోరూ కత్తిరించి, వెనక నారింజ రంగు టిష్యూ కాగితం అంటించండి. దీపం ముందు పెడితే వెలుగుతుంది. ఐరిష్ కథల్లోని ఆడదెయ్యం బాన్షీ జోలికి మాత్రం వెళ్లొద్దు. ఆమె ఏడుపు ఇంట్లో చావుకి సూచన, పిలుపు కార్డుకి తగదు.