రాజీనామా ఇచ్చే ముందు: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నలభై ఆరేళ్లకే ఉద్యోగం మానుకోవాలన్న నీ ఆలోచనను, దానికోసం నువ్వు వేసుకున్న లెక్కల పట్టికను శ్రద్ధగా చదివాను. మానవద్దని చెప్పడానికి ఈ లేఖ రాయడం లేదు. అప్పు తీరిన ఇల్లు, కొంత సొమ్ము సమకూర్చుకున్నవాడు మిగిలిన కాలాన్ని తన ఇష్టప్రకారం గడపాలనుకోవడంలో తప్పేమీ లేదు. అయితే నీ పట్టికంతా డబ్బు గురించే ఉంది. మానేశాక ఏం చేస్తావన్నదానికి మాత్రం అడుగున ఒక్క వరుస, అందులో ‘పుస్తకాలు, ప్రయాణాలు, ఊళ్లో వ్యవసాయం’ అని రాశావు. డబ్బు సంగతి వేరు, పని సంగతి వేరు అని నువ్వు అనుకుంటున్నట్టుంది. బ్యాంకులో ఉండగా నేను చూసినదాన్ని బట్టి అవి విడదీయగలిగినవి కావు.

2000–01లో ప్రభుత్వరంగ బ్యాంకులు వీఆర్‌ఎస్, అంటే స్వచ్ఛంద పదవీ విరమణ పథకం, తెచ్చాయి. పదిహేనేళ్ల సర్వీసు గాని, నలభై ఏళ్ల వయసు గాని ఉంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు. పూర్తయిన ప్రతి ఏడాది సర్వీసుకు గరిష్ఠంగా 60 రోజుల జీతం ఇస్తామన్నారు. దేశం మొత్తం మీద సుమారు లక్షమంది వెళ్లిపోయారు, వారిలో నాతో పనిచేసినవాళ్లూ ఉన్నారు. అప్పట్లో ఎఫ్‌డీ మీద వడ్డీ పది శాతం దగ్గర ఉండేది కనుక, పది లక్షలు వేసుకుంటే ఏడాదికి లక్ష వస్తుందని ధీమాగా లెక్క కట్టుకున్నారు. మూడేళ్ల తర్వాత అదే డిపాజిట్టును రెన్యువల్ చేయించబోతే వడ్డీ ఐదున్నర శాతానికి దిగి ఉంది. లక్ష వచ్చే చోట 55,000 వచ్చింది. ఈలోగా, 2001 జూలైలో, బ్యాంకు కన్నా భద్రమని ఎందరో నమ్మిన యూటీఐ వారి మ్యూచువల్ ఫండ్ యూఎస్-64లో యూనిట్లను తిరిగి కొనడం ఆపేశారు, అంటే అందులో పెట్టిన సొమ్ము వెనక్కి తీసుకునే దారి మూసుకుపోయింది.

వడ్డీ పడిపోవడం వాళ్ల చేతిలో లేని విషయం. ఆ తర్వాత జరిగినది మాత్రం చాలావరకు చేతులారా జరిగినదే. ఇంట్లో తోచక కూర్చున్నవాళ్లు ఆ సొమ్మునే ఒక వ్యాపకంగా పెట్టుకుని, రోజూ దాన్ని అటూ ఇటూ కదిలించారు. ఒకాయన బావమరిదితో కలిసి సిమెంటు వ్యాపారంలో దిగాడు, ఇంకొకాయన రోజువారీ షేర్ల బేరాల్లో పడ్డాడు, మరొకాయన రెండు శాతం వడ్డీ ఎక్కువన్నారని పేరు తెలియని సంఘంలో డిపాజిట్ చేశాడు. బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ ఉండిపోయిన ఒకావిడ, రైసు మిల్లులకు పద్దులు రాసిన ఒకాయన మాత్రం అదే వడ్డీ తగ్గుదలను తట్టుకుని నిలబడ్డారు. వాళ్లకు వచ్చిన అదనపు రాబడి కొద్దిపాటిదే, కానీ అసలును కెలికే తీరిక వాళ్లకు లేకపోయింది. చేతిలో పని లేనివాడికి డబ్బే పని అవుతుందని నాకు అప్పుడే అర్థమైంది.

ఇక నీ అంకెల సంగతి. ఏడాది ఖర్చుకు 25 రెట్లు ఉంటే చాలని రాశావు. అది 1994లో విలియం బెంగెన్ అనే అమెరికన్ సలహాదారు తమ దేశపు షేర్లు, బాండ్ల చరిత్ర చూసి చెప్పిన మాట నుంచి వచ్చిన లెక్క; మొదటి ఏడాది సొమ్ములో నాలుగు శాతం, అంటే ఇరవై ఐదో వంతు, తీసుకుని, తర్వాత ధరలు పెరిగిన మేరకు పెంచుకుంటూ పోతే సొమ్ము ముప్ఫై ఏళ్లు నిలుస్తుందని దాని సారాంశం. నీకు అది నలభై ఐదేళ్లు నిలవాలి, అదీ మన ధరల మధ్య. ధరలు ఏడాదికి ఆరు శాతం పెరిగితే ఖర్చు పన్నెండేళ్లకు రెట్టింపవుతుంది కనుక, ఇప్పుడు నెలకు 60,000తో గడిచే నీ ఇంటికి నీ 58వ ఏట 1,20,000, 70వ ఏట 2,40,000 కావాలి. అందుచేత 35 రెట్లకు తక్కువ ఉంటే, అంటే నీ ఖర్చు లెక్కన రెండున్నర కోట్లు లేకపోతే, రాజీనామా మాట ఎత్తవద్దని నా అభిప్రాయం. ఉంటున్న ఫ్లాటు విలువను ఇందులో కలపకూడదు. అమ్మాయి చదువు సొమ్మును ముందే పక్కన పెట్టాలి.

పెద్దవాళ్ల కోసం ఉన్న ఆసరాలు నీకు ఇప్పట్లో అందవని కూడా గుర్తుంచుకో. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీముకు 60 ఏళ్లు నిండాలి, ఉద్యోగ విరమణ చేసినవారికైతే 55. పీఎఫ్ పెన్షను 58కి వస్తుంది. 50 దాటాక ముందుగా తీసుకోవచ్చు గాని, ముందుకు జరిపిన ప్రతి ఏడాదికి నాలుగు శాతం కోత పడుతుంది, పైగా నీలాంటివాడికి అది నెలకు కొన్ని వేలకు మించదు. షేర్ల ఫండ్లలో పెట్టిన సొమ్ము సంగతికొస్తే, 2008 జనవరిలో 21,000 దగ్గరున్న సెన్సెక్స్ అక్టోబరుకల్లా 9,000 కిందికి పోయింది. అలాంటి ఏడాది నువ్వు మానేసిన మరుసటి ఏడాదే వస్తే, తక్కువ ధరకు అమ్ముకుని తినవలసి వస్తుంది. దానికి విరుగుడుగా నాలుగేళ్ల ఖర్చు బ్యాంకు డిపాజిట్లలో విడిగా ఉండాలి. చిన్న బ్యాంకుల్లో వేసేటట్లయితే, ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే బీమా ఉందని, అదీ అన్ని బ్రాంచీలకూ కలిపేనని మరవకు.

కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది. నువ్వు బీపీ మాత్ర వేసుకుంటున్నావు. ముందునుంచీ ఉన్న జబ్బులకు కొత్త పాలసీలో మూడేళ్ల దాకా నిరీక్షణ ఉండవచ్చు. కాబట్టి సొంత పాలసీని ఈ నెలలోనే తీసుకుని, ఉద్యోగంలో ఉండగానే ఆ కాలాన్ని కరిగించు. ఒక్కసారిగా సొమ్ము చేతికొచ్చిందని తెలిశాక బంధువులు హామీ సంతకం అడుగుతారు. చట్టం దృష్టిలో హామీదారుడి బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. అసలు మనిషిని వదిలి నేరుగా హామీదారుడి మీదికి వెళ్లే హక్కు బ్యాంకుకు ఉంది. మొహమాటపడకు.

చివరి వరుసకు వస్తాను. వ్యవసాయం చేయాలని ఉంటే పొలం కొనకముందే మన ఊళ్లో ఒక ఎకరం కౌలుకు తీసుకుని ఒక ఖరీఫ్ చేసి చూడు. కూలీలు దొరకని వారంలో, వాన తప్పిన వారంలో కూడా నీకు ఆ పని మీద మనసు నిలుస్తుందో లేదో తేలిపోతుంది. పుస్తకాలు, ప్రయాణాలు మంచివే, అయితే వాటిని నువ్వు మానేసినా అడిగేవాళ్లు ఉండరు. నువ్వు రాకపోతే ‘ఈవేళ రాలేదేం?’ అని అడిగే మనిషి ఉన్న పనినే నేను పని అంటాను. నీకు చదువు చెప్పిన జిల్లా పరిషత్ హైస్కూల్లో కంప్యూటర్లు ఉన్నా వాటిని నేర్పే మనిషి లేడని నువ్వే ఒకసారి అన్నావు. వచ్చే శనివారం నుంచే హెడ్‌మాస్టరుగారి అనుమతితో మొదలుపెట్టి, ఒక విద్యాసంవత్సరం మానకుండా వెళ్లగలిగితే, నీ పట్టికలో అతి ముఖ్యమైన గడి నిండినట్టే. అదే ఏడాదిలో జీతం ఎంత వస్తున్నా నెలకు 60,000తోనే ఇల్లు నడిపి చూడండి. ఈ రెండో పరీక్ష కోడలితో కలిసి చేయవలసినది. పగలంతా ఇల్లు ఆమె పద్ధతిలో సాగుతోంది కదా, అందులోకి నువ్వు వచ్చి కూర్చుంటే ఆమెకు ఎలా ఉంటుందో నువ్వు అడిగినట్టు నాకు కనబడలేదు.

రెండు పరీక్షలూ నెగ్గాక రాజీనామా రాయి. వీలుంటే ముందు జీతం లేని సెలవు అడుగు. ఇంకొక్క మాట. మీ అమ్మకు ఈ సంగతి ఇంకా తెలియదు, అక్కయ్యతో నేను చెప్పను. నువ్వే వచ్చి వివరంగా చెప్పు, ఎందుకంటే ‘మీవాడి ఉద్యోగం పోయిందటగా’ అని ఇరుగుపొరుగు అడిగేది నిన్ను కాదు, ఆమెను.

ఇట్లు
నీ మామయ్య