గ్రానైట్ వంటగట్టు వల్ల రేడాన్ ప్రమాదం ఉందా? అమెరికాలోలా మనకు రూల్స్ ఎందుకు లేవు?

రెండేళ్ల కిందట వైజాగ్ మధురవాడలో మా మేనత్త ఫ్లాట్‌లో దీని మీద పెద్ద రభసే అయ్యింది. వాళ్లబ్బాయి అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఇల్లు కొంటూ రేడాన్ (మట్టిలోంచి, రాళ్లలోంచి వచ్చే, రంగూ వాసనా లేని రేడియోధార్మిక వాయువు) టెస్ట్ చేయిస్తే సెల్లార్‌లో ఎక్కువ చూపించింది. దాన్ని బయటికి పంపడానికి అమ్మేవాళ్ల చేతే పైపూ ఫ్యానూ పెట్టించుకున్నాడు. అక్కడితో ఊరుకోక, "అమ్మా, గ్రానైట్‌లోంచి కూడా వస్తుందట" అని ఫోన్ చేశాడు. తెల్లారేసరికి అత్త నాకు ఫోన్. "ఏట్రా, గట్టు పీకించేయమంటావా?" నేను వెళ్లేసరికి మేస్త్రి టేపు పట్టుకుని కొలుస్తున్నాడు. పీకడానికింత, కొత్త రాయికింత అని లెక్క. ఆ కొత్త రాయి కూడా గ్రానైటే!

రాయిలోంచి వచ్చేది చాలా కొంచెం. అసలు రేడాన్ ఇంటి కింద మట్టిలోంచి, పునాది పగుళ్లలోంచి వస్తుంది. అత్త వాళ్లది నాలుగో అంతస్తు.

రూల్స్ కూడా ఊరికే పుట్టలేదు. 1984లో ఆ పెన్సిల్వేనియాలోనే స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు అణు విద్యుత్ కేంద్రంలోకి వెళ్తుంటే రేడియేషన్ అలారం మోగింది. బయటికొచ్చేటప్పుడు కాదు, లోపలికి వెళ్లేటప్పుడు! చూస్తే ఆయన ఇంట్లోనే లీటరు గాలికి 2,700 పికోక్యూరీల (రేడియోధార్మికతకు కొలత) దాకా రేడాన్ ఉంది. 1986లో వాళ్ల పర్యావరణ సంస్థ 4 దాటితే సరిచేయించుకోండని చెప్పింది, 1988లో చట్టం వచ్చింది. అదీ చలికి తలుపులు బిగించుకుని, నేలమాళిగల మీద బతికే దేశం. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనపు మీటరుకు 100 బెక్వెరెల్స్ (ఇంకో కొలత, లీటరుకు సుమారు 2.7 పికోక్యూరీలు) దాటొద్దంది, కుదరని దేశాల్లో 300 దాటొద్దంది. మన దగ్గర ఇల్లు కొనేవాళ్లు వాస్తు అడుగుతారు, పార్కింగ్ అడుగుతారు. రేడాన్ అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

నన్నడిగితే మనకు కిటికీ తీస్తే చాలు. కానీ వైజాగ్‌లో తీయనిస్తేనా! మా ఇంట్లో పొద్దున్న తుడిచిన గచ్చు సాయంత్రానికి పోర్టు బొగ్గుపొడితో నల్లబడుతుంది. ఆ తర్వాత దోమలు. దాంతో అందరం ఏసీ వేసుకుని తలుపులు బిగించుకుంటున్నాం, పెన్సిల్వేనియా వాళ్లలాగే.

ఇంకోటి. ఊపిరితిత్తుల క్యాన్సర్ కారణాల్లో పొగాకు మొదటిది, రేడాన్ దాని తర్వాతే. పొగతాగేవాళ్లకి రేడాన్ ముప్పు కూడా చాలా ఎక్కువ. ఆ రోజు గొడవంతా వింటూ మావయ్య బాల్కనీలో రెండో సిగరెట్ వెలిగించాడు. ఆయన్నెవరూ ఏమీ అనలేదు. మేస్త్రికి టీ ఇచ్చి పంపేశాం.